మిద్దె మీద ఎండిన చిక్కుడు

అక్టోబర్ 6, సోమవారం

బీరతీగ వాలింది. నిన్న సాయంత్రం దాకా పందిరి పట్టుకుని పాకిన తీగ, ఈ పొద్దున చూస్తే ఆకులన్నీ వేలాడేసింది. చెంబెడు నీళ్ళు పోశాను. లేవలేదు. ఇంకో చెంబు పోశాను. ఊహూఁ.

సునంద చేత కుట్టుపని ఆపించి కూర్చోబెట్టాను. సునంద నా కోడలు. సిరిసిల్లలో పదో తరగతి దాకా చదివింది. నాకు అక్షరం ముక్క రాదు. బొటనవేలు ఉంది, చాలు.

"ఏం రాయాలె అత్తమ్మా?"

"నేను చెప్పింది."

మా బిల్డింగు సెక్రటరీ దినేశ్‌భాయ్ నిన్న మెట్ల మీద నన్ను ఆపాడు. దీపావళి తర్వాత మీటింగట. మిద్దె మీద నా కుండీలు ఉండాలా పోవాలా అక్కడ తేలుస్తారట. "మాసీ, మీరు చెప్పేది లిఖిత్‌లో తెండి" అన్నాడు. రాతలో కావాలట. తెస్తాను. నాలుగో అంతస్తు జ్యోత్స్నాబెన్ ఇల్లు మిద్దెకు సరిగ్గా కింద. ఆమె ఇంటి కప్పుకు చెమ్మ పట్టిందట, అది నా కుండీల నీళ్ళేనట.

రోజుకింత రాయిస్తాను. మీటింగ్ నాటికి ఎవడూ నోరెత్తకూడదు.

ఈ డైరీ నా కొడుకు రాజేశం ఇక్కడ సూరత్‌లో పనిచేసే మగ్గాల కార్ఖానాలో సేఠ్ పంచింది. ముందు పేజీలో లక్ష్మీదేవి బొమ్మ. ఇంట్లో ఒక్కరూ ఒక్క పేజీ వాడలేదు. నేను ఎట్లా మాట్లాడినా సునంద దాన్ని పుస్తకంలో మాటలా సర్ది రాస్తుంది. సర్దనీ. అబద్ధం మాత్రం రాయొద్దని చెప్పాను.

అక్టోబర్ 7, మంగళవారం

ముందు ఏం పోతుందో రాతలో ఉండాలి. ఆ మీటింగులో కూర్చునే మగవాళ్ళలో ఒక్కడు కూడా నా మిద్దె మొత్తం చూసినవాడు కాదు.

నూనె డబ్బాలు, సున్నం బకెట్లు, పగిలిన స్నానం టబ్బు, బియ్యం సంచులు. వాటిలో నా కూరలు. రాజేశం ఒకసారి పాండేసరలో రంగుల మిల్లు నుంచి నీలం డ్రమ్ములు తెచ్చిపెడతానన్నాడు. వద్దన్నాను. ఎన్ని నీళ్ళతో కడిగినా ఆ డ్రమ్ములో రంగు మందు మిగిలే ఉంటుంది. తినే ఆకు దాంట్లో పెంచుతానా? ఆ మాత్రం తెలివి నాకుంది.

మెంతికూరను మించిన సులువైన పంట లేదు. వంటింటి డబ్బాలో మెంతులే. ఒక పూట నానేసి, మట్టి మీద చల్లి, పైన పిడికెడు మట్టి రాల్చితే నాలుగో రోజుకు తల ఎత్తుతుంది. ధనియాలను మాత్రం అట్లాగే చల్లకూడదు. చెప్పుతో మెల్లగా నలిపి రెండు బద్దలు చేయాలి. మూడో అంతస్తు కొత్త కోడలు గింజలు గింజలుగా చల్లి, "కొతిమీర వస్తలేదు అమ్మమ్మా" అని ఏడుపు మొహం పెట్టింది. "నలిపినవా బిడ్డా?" అంటే నోరు తెరిచి చూసింది. ఇప్పుడు ఆ పిల్ల కిటికీలో కొత్తిమీర గుబురుగా ఉంది.

పుదీనాకు విత్తనమే అక్కర్లేదు. కూరల బండివాడు ఇచ్చిన కట్టలో ఆకు తుంచుకుని, కాడలను గ్లాసు నీళ్ళలో నిలబెడితే వేళ్ళు దిగుతాయి. బచ్చలి ముక్క గుచ్చితే తీగ. మెత్తబడ్డ టమాటాను పారేయకుండా మట్టిలో పిసికితే పది మొలకలు, వాటిలో మూడు ఉంచి మిగతావి పీకాలి. పీకడానికి చేయి రానివాళ్ళు తోట పెట్టకూడదు. మిరపకు ఆకుముడత వస్తే పుల్లమజ్జిగ చల్లుతాను. గంజి చల్లారాక ఆకుకూరలకు. గంజి మా నేత కులం సొమ్ము, పోగుకైనా మొక్కకైనా.

పుంటికూర, గోంగూర అంటారే, దాని విత్తనం సిరిసిల్లది. ముప్పై ఏళ్ళ కింద కొంగున ముడేసుకుని రైలెక్కాను. సూరత్ మట్టిలో అది ఇంకా ఎర్రగా వస్తుంది. వెల్లుల్లి ఆకు మాత్రం ఇక్కడివాళ్ళ దగ్గర నేర్చుకున్నాను. చలికాలం మొదట్లో ఒక్కో రెబ్బ గుచ్చితే, వాళ్ళు లీలు లసణ్ అంటారు, పచ్చటి కాడలు వస్తాయి. నేర్పింది జ్యోత్స్నాబెనే.

సునంద కలం ఆపి చూసింది. "అది గూడ రాయాలెనా?"

రాయి. నేర్పింది నేర్పిందే.

అక్టోబర్ 9, గురువారం

రెండో బీరతీగ. దాని పక్కన చిక్కుడు.

రెండూ నీళ్ళ ట్యాంకు వైపువే. మెట్ల వైపున ఉన్న సొరతీగకు, బచ్చలికి ఏమీ కాలేదు, నవనవలాడుతున్నాయి. అక్కడే నాకు వెలిగింది. ట్యాంకు వైపు ఎవరి బట్టల తాడు ఉంది? జ్యోత్స్నాబెన్‌ది. ఆ తాడు కింద ఈ పొద్దున ఏం దొరికింది? ఫినాయిల్ సీసా. సగం ఖాళీ.

సీసా తెచ్చి సునంద ముందు పెట్టాను.

"అత్తమ్మా, ట్యాంకు కాడ కడుగుడుకు తెచ్చుకున్నదేమో..."

"నువ్వు లాయరువా? రాయి."

"రాస్తున్న గని, జర ఆలోచించు—"

"ఆలోచించే చెప్తున్న. ఒక్క దిక్కే ఎందుకు సస్తయే మొక్కలు?"

జవాబు నా దగ్గర ఉంది.

అక్టోబర్ 10, శుక్రవారం

అడిగేశాను.

మధ్యాహ్నం మెట్ల మీద ఎదురుపడింది జ్యోత్స్నాబెన్, చేతిలో పాల ప్యాకెట్లు. సీసా చూపించాను. నా హిందీ నాకుంది. "తుమ్ డాలా! మేరా బేల్ కో తుమ్ డాలా!" నా తీగకు నువ్వే పోశావని. మూడో అంతస్తు తలుపులు తెరుచుకున్నాయి, రెండో అంతస్తువి తెరుచుకున్నాయి. తెరుచుకోనీ. వినడానికే కదా చెవులు.

ఆమె మొదట నవ్వింది. ఆటకు అన్నాననుకుంది. తర్వాత మొహం మారింది.

"మాసీ, భగవాన్ సే డరో."

నేను భగవంతుడికి భయపడేది ఏముంది, తప్పు చేసినవాళ్ళు భయపడాలి అన్నాను. కప్పు చెమ్మ అని ఒక సాకు, అది సాగదేమోనని ఫినాయిల్ అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఒంటరిది కాబట్టి ఎవరి పచ్చదనమూ ఓర్వలేదని కూడా అన్నాను. ఆమె మొగుడు పోయి ఆరేళ్ళు.

ఆమె ఒక్క మాటే అడిగింది. "బీజ్ కిస్నే దియా థా?"

విత్తనం ఎవరిచ్చారని.

ఆమే ఇచ్చింది. ఎండిపోతున్న చిక్కుడు ఆమె ఇచ్చిన పాప్డీ విత్తనమే. ఎనిమిదేళ్ళ కింద, మేం ఈ బిల్డింగుకు కొత్తగా వచ్చినప్పుడు, కాగితంలో చుట్టి ఆరు గింజలు నా చేతిలో పెట్టింది. ఇక్కడివాళ్ళకు ఆ చిక్కుడంటే ప్రాణం, చలికాలం వంటంతా దానితోనే. ప్రతి ఏడూ మొదటి గిన్నెడు కాయలు ఆమె ఇంటికే పంపాను.

అయితే ఏం? ఇచ్చినవాళ్ళు తీసుకోరా?

అని అన్నాను. గట్టిగానే అన్నాను.

అక్టోబర్ 11, శనివారం

చిక్కుడు మొత్తం ఎండింది. ఊదారంగు పూత మీద ఉండగా.

అక్టోబర్ 12, ఆదివారం

మీటింగులో చదవాల్సిన పేజీ ఇది. సునంద దీన్ని విడిగా మళ్ళీ హిందీలో రాస్తుంది.

నేను నర్సవ్వ, రెండో అంతస్తు. ఎనిమిదేళ్ళుగా మిద్దె మీద కూరలు పెంచుతున్నాను. ఈ బిల్డింగులో నా పుదీనా తిననివాళ్ళు, నా కరివేపాకు తుంచుకోనివాళ్ళు ఎవరైనా ఉంటే లేచి నిలబడాలి. ఎవరి దగ్గరా దీనికోసం చేయి చాపలేదు. మట్టి సంచులు నేను, నా కోడలు మెట్లెక్కించాం. నాలుగో అంతస్తు జ్యోత్స్నాబెన్ నా మీద చెమ్మ ఫిర్యాదు పెట్టింది. ఆ ఫిర్యాదు నెగ్గుతుందో లేదో అన్న అనుమానంతో నా తీగలకు ఫినాయిల్ పోసింది. మూడు తీగలు చచ్చాయి, మూడూ ఆమె బట్టల తాడు కింద. సీసా నా దగ్గర ఉంది. ఆమె ఫిర్యాదు కొట్టేయాలి, అందరి ముందూ ఆమె తప్పు ఒప్పుకోవాలి.

చదివి వినిపించమన్నాను. బాగుంది. ఇంకోసారి చదవమన్నాను.

బొటనవేలు ఇప్పుడే వేస్తానంటే సునంద వద్దంది. "మీటింగ్ నాడు ఎయ్యరాదు అత్తమ్మా, జర ఆగు." స్టాంపు ప్యాడు ఎక్కడో పెట్టి మరిచిపోయానంది. ఇది వస్తువులు మరిచిపోయే మనిషి కాదు.

అక్టోబర్ 13, సోమవారం

జ్యోత్స్నాబెన్ బట్టలు మిద్దె మీదికి రాలేదు. బాల్కనీ కమ్మీలకు ఆరేసుకుంది.

భయపడింది. భయపడాలి.

అక్టోబర్ 14, మంగళవారం

మెంతి మొలిచింది. టబ్బు నిండా పచ్చటి నలుసులు. ఎవరు ఏం పోసినా నా చేతిలో మొలవడం ఆగదు.

రాజేశం కార్ఖానా నుంచి వచ్చి అన్నం ముందు కూర్చుని అన్నాడు, "ఏంది అవ్వా, కింద అందరు నన్నే అడుగుతున్నరు. రెండు తీగల కోసం బిల్డింగంత ఒకటి జేస్తున్నవ్."

"మూడు తీగలు."

"మూడే అనుకో. బండి మీద దొరకదా బీరకాయ?"

"దొరుకుతది. నువ్వు గూడ దొరుకుతవ్ బజార్ల, ఇంకొకని కొడుకువై."

సునంద కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. వాడూ నవ్వాడు. నేను నవ్వలేదు. పుంటికూర పప్పు మూడోసారి వడ్డించాను. తిన్నాడు. ఏ మొక్కదని అడగలేదు.

అక్టోబర్ 16, గురువారం

రాయకు అన్నాను. రాస్తోంది. కలం గీసే చప్పుడు వినబడుతూనే ఉంది.

సరే, రాయి.

దీపావళికి ముందు ఎండిన తీగలు పీకి శుభ్రం చేద్దామని పొద్దున మిద్దె ఎక్కాను. నా కంటికి పొర వచ్చింది, ఆకు రంగు తెలుస్తుంది కానీ సన్నటి వస్తువు తెలియదు. కన్ను పోయినా వేళ్ళు ఉన్నాయి. చిన్ననాటి నుంచి కండెలు చుట్టాను, తెగిన పోగులు అతికాను. పోగు ఎక్కడ తెగిందో చూపు కన్నా ముందు నా వేలే చెప్పేది.

చిక్కుడు తీగను పైనుంచి కిందికి వేళ్ళతో పట్టుకుని వచ్చాను. పైన పుల్ల. ఎండిన పుల్ల. పెళుసు. మోకాలి ఎత్తు దాకా వచ్చేసరికి వేలికి ఒక గాడి తగిలింది. గాడికి కింద తీగ తడిగా ఉంది. మెత్తగా, పచ్చిగా. గోరు గుచ్చితే రసం.

గాడిలో ఏదో ఉంది. తీగ ఉబ్బి దాన్ని లోపలికి మింగేసింది. గోరుతో లాగాను, రాలేదు. సునందను కేకేశాను. దారం కత్తెర తెచ్చి, కోసి, బయటికి తీసింది.

పాలిస్టర్ దారం.

నా ముడి.

ఫినాయిల్ పోస్తే ముందు వేరు చస్తుంది. కిందంతా బతికి ఉంది. ముడికి పైనే చచ్చింది.

రెండు బీరతీగలూ చూశాను. అదే ఎత్తున, అదే గాడి, అదే ముడి.

సునంద కత్తెర మూసింది. "చెప్పిన గద అత్తమ్మా" అని ఉంటే బాగుండేది, తిట్టేదాన్ని.

అక్టోబర్ 17, శుక్రవారం

ఏమీ లేదు.

అక్టోబర్ 18, శనివారం

ఎట్లా జరిగిందో చెప్పాలి కదా. చెప్తాను.

శ్రావణంలో గాలివాన వచ్చింది. పందిరి ఊగుతోంది, తీగలు జారుతున్నాయి. చేతికి ఏది అందితే దానితో కట్టాలి. రాజేశం కార్ఖానా నుంచి తెచ్చిన మిగులు పాలిస్టర్ దారం కోన్లు ఉన్నాయి. ఆ దారంతో ట్యాంకు వైపు తీగలన్నీ కట్టేశాను. కోను అయిపోయింది. మెట్ల వైపు తీగలకు పాత లుంగీ చింపి పీలికలతో కట్టాను. అందుకే అటువైపువి బతికాయి. ఇంత తేలిక సంగతి. వారం రోజులు ఫినాయిల్ సీసా పట్టుకుని తిరిగాను.

ముడి ఏ ముడి వేశాను? చిన్నప్పటి నుంచి నా చేతికి ఒకటే ముడి వచ్చు. మగ్గం మీద తెగిన పోగును అతికే ముడి. లాగినకొద్దీ బిగుస్తుంది, జారదు. మా ఇళ్ళలో మూటకైనా, మంచం నవారుకైనా అదే. సిరిసిల్లలో బీరపాదుకు కూడా అదే వేసేదాన్ని, ఏ తీగా చావలేదు. ఎందుకంటే అక్కడ చేతిలో ఉన్నది నూలు. నూలు తడుస్తుంది, సాగుతుంది, వానాకాలం పోయేసరికి మురిగి తనే తెగిపోతుంది. తీగ లావెక్కితే పోగు దారి ఇస్తుంది.

పాలిస్టర్ దారి ఇవ్వదు.

నాకు తెలియని సంగతా ఇది? మా ఇంటాయన పోయేదాకా ఈ ఊళ్ళో ఆ దారం మీదే పనిచేశాడు. నడుస్తున్న పోగు పట్టుకుంటే వేలు కోసేది. అన్నం కలుపుతుంటే కారం తగిలి "స్‌స్" అనేవాడు. ఆ వేళ్ళకు కొబ్బరినూనె రాసింది నేనే. అయినా చేయి కట్టింది. సిరిసిల్ల చేయి, సూరత్ దారం.

ఈ రోజు మిద్దె మీద ఉన్న ప్రతి దారం ముడీ కోయించాను. టమాటాకు రెండు, మిరపకు ఒకటి. కాకర చిన్నదానికి అప్పుడే గాడి మొదలైంది, దక్కింది. ఇకమీదట పీలికే. వెడల్పు పీలిక, మధ్యలో మెలిక, తీగకు వేలు దూరేంత సందు. సునందకు చేసి చూపించాను.

"ఇప్పుడు ఏం జేద్దాం అత్తమ్మా?"

మొక్కల గురించి అడగడం లేదని తెలుసు.

"మెంతికి నీళ్ళు వొయ్యి పో" అన్నాను.

అక్టోబర్ 20, సోమవారం

దీపావళి. సునంద గుమ్మంలో ముగ్గేసింది. బంతిపూలు మన మిద్దెవే.

జ్యోత్స్నాబెన్ ఇంటికి తాళం. చెల్లెలి ఊరికి పోయిందట. ప్రతి దీపావళికీ పైనుంచి ఘూఘరాల పళ్ళెం దిగేది. తియ్యటి పూర్ణం పెట్టి వేయించిన కజ్జికాయల్లాంటివి. కింద నుంచి మన మురుకుల పళ్ళెం ఎక్కేది.

ఈ ఏడు మురుకులు మిగిలాయి. రాజేశం అన్నాడు, "ఈసారి ఎక్కువ జేసినవేంది అవ్వా?"

ఎప్పటి లెక్కే.

అక్టోబర్ 24, శుక్రవారం

చిక్కుడు మోడును పీకలేదు. ఎందుకో ఉంచాను. ఈ పొద్దున ముడి గాడికి రెండు వేళ్ళ కింద చిన్న కన్ను ఉబ్బింది. వేలితో తడిమి చూశాను. చిగురే.

మూడో అంతస్తు కొత్త కోడలు కొత్తిమీర కోసుకోవడానికి వచ్చి పక్కన నిలబడింది. "అమ్మమ్మా, ఆమె ఫినాయిల్ వోసినా మల్ల వచ్చిందా! నీ చెయ్యి మంచిది."

ఆ పిల్ల మంచిదే. నాకే నోరు రాలేదు.

నా జీవితంలో నోరు రాకపోవడం ఇది రెండోసారి. మొదటిది మా ఇంటాయన పోయిన రోజు.

అక్టోబర్ 27, సోమవారం

రాజేశానికి చెప్పాను. చేతిలో దారం ముక్క పెట్టాను. ముడి చూశాడు, వాడికి విప్పి చెప్పక్కర్లేదు.

చాలాసేపు తల గోక్కున్నాడు.

"చూడు అవ్వా. ఫినాయిల్ మాట ఇడిసిపెట్టు, ఎత్తకు. ఆ కాగితం చింపెయ్. మీటింగ్‌ల చెమ్మ గురించే మాట్లాడ్తరు. అది నీ నీళ్ళా ట్యాంకు పైపుదా ఎవ్వనికి ఎర్కలేదు. సగంమంది మన దిక్కే ఉన్నరు. నువ్వే లేచి తప్పు నాదంటే, దినేశ్‌భాయ్ ఏమంటడు? ముసల్ది ఒకటి అబద్ధం ఆడింది, అన్నీ అబద్ధాలే అంటడు. కుండీలన్ని కిందికి దింపిస్తడు."

"దింపిస్తడా?"

"దింపియ్యడా మరి!"

వాడు చెప్పింది తప్పు కాదు. నా కొడుకు తెలివిగలవాడు. మగ్గం చప్పుడు విని ఎక్కడ ఏం అరిగిందో చెప్తాడు.

సునంద గిన్నెలు కడుగుతోంది. నీళ్ళు ఆపి, వెనక్కి తిరగకుండా అంది, "మెట్ల మీద అందరు విన్నరు గద."

 తర్వాత నీళ్ళు మళ్ళీ వదిలింది.

అక్టోబర్ 29, బుధవారం

వెల్లుల్లి రెబ్బలు గుచ్చాను. మొన మీదికి, వేరు కిందికి, వేలు మొదటి కణుపు లోతు. పన్నెండు రెబ్బలు. మీటింగ్ తర్వాత అవి ఎక్కడ ఉంటాయో తెలియదు. గుచ్చే రోజులు వచ్చాయి, గుచ్చాను.

కుండీలన్నీ ఇటుకల మీదికి ఎత్తించాను. ట్యాంకు వైపు ఎత్తుతుంటే కింద సిమెంటు నల్లగా, తడిగా ఉంది. మెట్ల వైపు ఎత్తితే అక్కడా తడే, కొంచెం తక్కువ. పైపు వైపు కూడా తడే. ఎవరి తడి ఎవరిదో నేను చెప్పలేను. ఇంతకాలం చెప్పగలను అనుకున్నాను.

నవంబర్ 1, శనివారం

వచ్చింది. పొద్దున తాళం తీసిన చప్పుడు మెట్లలోంచి వినిపించింది.

మోకాళ్ళు పట్టుకుని రెండు అంతస్తులు ఎక్కాను. కొంగులో మెంతికూర కట్ట, చేతిలో కోసిన చిక్కుడు పుల్ల. కోసి తీసిన దారం ముడిని మళ్ళీ దాని గాడిలోనే పెట్టాను, సాక్ష్యానికి.

తలుపు తీసింది. గొలుసు తీయలేదు. సందులోంచి సగం మొహం.

"బోలో మాసీ."

చెప్పాను. హిందీలో ఎట్లా వస్తే అట్లా. దారం నాది, ముడి నాది, నువ్వు పోయలేదు. పుల్లను సందులోంచి లోపలికి పెట్టాను. తీసుకుంది. చాలాసేపు చూసింది. ఆమె వేలు కూడా గాడి మీదే ఆగింది.

ఏమైనా అంటుందని నిలబడ్డాను. తిడితే బాగుండు. "నా మొగుడు పోయిన సంగతి ఎందుకెత్తావు" అని ఆమె అడిగితే బాగుండు. దానికి జవాబు లేదు నా దగ్గర, లేదని ఒప్పుకుందామని వచ్చాను.

"మాసీ, సబ్ కే సామ్‌నే బోలా థా నా?"

అందరి ముందు అన్నావు కదా.

"హా."

"తో ఉధర్ హీ బోలో." అక్కడే చెప్పు.

మెంతికూర తీసుకోలేదు. పుల్ల మాత్రం ఆమె దగ్గరే ఉండిపోయింది. తలుపు మెల్లగా వేసింది. గట్టిగా వేసినా బాగుండేది.

దిగుతుంటే ఒక సంగతి తట్టింది. చెమ్మ మాట మొదలైనప్పుడు ఈ మనిషి నన్ను మూడుసార్లు పిలిచింది, వచ్చి కప్పు చూడు మాసీ అని. ఒక్కసారీ పోలేదు. చూడకుండానే అబద్ధం అన్నాను. ఎనిమిదేళ్ళు ఆమె నా తీగలు చూసింది. నేను ఆమె కప్పు చూడలేదు.

నవంబర్ 2, ఆదివారం

పదకొండు గంటలకు మీటింగ్. కింద పార్కింగులో కుర్చీలు ఈడుస్తున్న చప్పుడు మొదలైంది.

రాజేశం ఉతికిన చొక్కా వేసుకున్నాడు. నా వైపు చూడడం లేదు. నేను ఏం చేస్తానో వాడికి తెలుసు, ముప్పై ఎనిమిదేళ్ళుగా నా కొడుకు.

సునంద స్టాంపు ప్యాడు తెచ్చి నా ముందు పెట్టింది. అడగకుండానే. దొరికిందట.

"ఏ పేజీ మీద వేలు ఎయ్యాలె అత్తమ్మా?"

పన్నెండో తారీఖు పేజీ, నేను జ్యోత్స్నాబెన్ మీద పెట్టిన ఫిర్యాదు. చింపుదామా అని అడుగుతోంది. చింపకు. దాని మీదా వేస్తాను, పదహారో తారీఖు దారం పేజీ మీదా వేస్తాను. రెండూ చదువు. ముందు అది, తర్వాత ఇది. అన్నది ఎట్లా అన్నానో అందరూ వినాలి, కాదన్నది కూడా నా నోటి మాటగానే వినాలి.

కుండీలు దింపమంటే? దింపమంటే అడుగుతాను — ఇటుకల మీద పెట్టాను, ఈ చలికాలం చూడండి, చెమ్మ ఆగకపోతే నేనే దింపుతాను. వింటారో వినరో. వినకపోతే వెల్లుల్లి రెబ్బలు డబ్బాలో గుచ్చి కిటికీ కమ్మీల దగ్గర పెడతాను. మెంతికి జానెడు మట్టి చాలు. పుదీనాకు గ్లాసు చాలు. పందిరి కావాల్సింది చిక్కుడుకే.

పొద్దున చూసి వచ్చాను. మోడు మీద చిగురు నాలుగు ఆకులైంది. పీలికతో కట్టాను, వదులుగా. ముడి వేయడానికి నా చేయి మళ్ళీ అదే ముడికి పోయింది. ఆపి, విప్పి, మెలిక వేశాను. ఈ వయసులో చేతికి కొత్త ముడి నేర్పుతున్నాను.

వేలు వేశాను. రెండు చోట్లా. నీలం సిరా చీరకంటింది.

మీటింగ్‌కు ముందు ఆమె ఇంటి కప్పు చూడాలనుంది. పిలవకుండా పోతే గొలుసు తీస్తుందా?

నాలుగో అంతస్తు తలుపు పడింది. చెప్పుల చప్పుడు దిగుతోంది. మూడో అంతస్తు. దినేశ్‌భాయ్ కిందనుంచి ఎవరినో కేకేస్తున్నాడు. చెప్పులు ఆగలేదు. మన అంతస్తు.

ఆగాయి. మన గుమ్మం ముందే.

తట్టడం లేదు. పోవడమూ లేదు.

సునందా, రాసింది చాలు. పో, తలుపు తియ్యి... ఆగు. నేనే తీస్తాను.